చేలో మంద తోలించుకోవడం: అనంతపురం ఎర్రనేలలకు ఎంత గిట్టుబాటు?

అనంతపురం, కళ్యాణదుర్గం వైపు ఎండాకాలంలో కాపర్లు గొర్రెల మందలను తెచ్చి రైతుల చేలల్లో రాత్రిళ్లు ఆపుతారు. డబ్బుకైనా, గింజలకైనా బేరం కుదురుతుంది. ఎర్రనేలకు ఇంత మేలు చేసే ఎరువు ఇంకోటి లేదు. ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. మిగిలిన ఒక్కటీ ఎక్కువగా పోయేది కాపరి వల్ల కాదు, తెల్లారాక చేను దున్నని రైతు వల్లే.

గొర్రె పెంటికల్లో నత్రజని 3 శాతం దాకా, భాస్వరం 1, పొటాష్ 2 శాతం ఉంటాయి. పశువుల పెంటలో నత్రజని అర శాతమే. అయినా అసలు లాభం ఉచ్చది. గొర్రె వదిలే నత్రజనిలో సగం దాకా అందులోనే పోతుంది. దొడ్డి ఎరువును ట్రాక్టరుతో తోలితే ఆ ఉచ్చ చేనుకు చేరదు. పొద్దున్నే మంద లేచిన చోట వంగి చూస్తే ఘాటుకు కళ్లు మండుతాయి. అది గాలికి పోతున్న నత్రజనే. అందుకే ఆ రోజే గుంటకతోనో కల్టివేటర్‌తోనో రెండు మూడు అంగుళాల లోతున కలిపెయ్యాలి. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో ఒకప్పుడు ఊరి జనం గొర్రెలను తన పొలంలోనే ఆపించుకునే హక్కు దొరకు ఉండేదంటే, ఈ ఎరువు విలువ అంతటిది.

గొర్రెకు చదరపు మీటరు చొప్పున 400 జీవాలు ఎకరా చుట్టడానికి 10 రాత్రులు పడుతుంది. మంద చుట్టూ కట్టే వలను రోజూ సాయంత్రం పక్కకు జరపాలి. ఒకేచోట రాత్రుల మీద రాత్రులు ఆపితే అక్కడ శెనక్కాయ చెట్టు ఏపుగా పెరిగి కాయ తగ్గుతుంది. మాగని ఎరువు మిగిలిపోతే వేరుపురుగు కూడా చేరుతుంది.

తల లెక్కన బేరమైతే పాలు తాగే పిల్లలను లెక్కలో కలపనివ్వకండి. మంద పగలు ఎక్కడ మేసిందో తప్పకుండా అడగండి. సర్కారు తుమ్మ కాయలు మేసి ఉంటే గింజలు అరగకుండా పెంటికల్లో వచ్చి తొలకరికి చేనంతా మొలుస్తాయి. వాన పడ్డాక, ముఖ్యంగా నల్లరేగడిలో, మంద ఆపించొద్దు. తొక్కిడికి నేల బిగుసుకుపోతుంది, జీవాలకు గిట్టలు చెడతాయి.

పక్క చేలో పైరుంటే వల గట్టిగా ఉండాలి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం గొర్రెలకూ మేకలకూ వర్తిస్తుంది. పైరులో పడ్డ మందను పట్టి 24 గంటల్లోగా బందెలదొడ్డికి (పైరులో పడ్డ పశువులను కట్టేసే దొడ్డికి) పంపే హక్కు ఆ రైతుకుంది. జుల్మానా, మేత ఖర్చు కడితే గానీ వదలరు. రాత్రి కాపలా ఎవరిది, పైరు మేస్తే నష్టం ఎవరు కట్టాలి అన్నది బయానా ఇచ్చేముందే మాట్లాడుకోండి.