మైపాడు అలలకు ఏది మేలు: వెట్‌సూటా, రాష్ గార్డా?

సర్ఫింగ్ నేర్చుకుంటున్న పిల్లలు బోర్డు తర్వాత ముందుగా అడిగేది వెట్‌సూట్ గురించే. వీడియోల్లో అందరూ మెడ నుంచి మడమల దాకా నల్లటి సూట్‌లోనే కనిపిస్తారు కదా, అది లేనిదే నీళ్లలోకి దిగకూడదేమో అనుకుంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెల్లూరు తీరంలో మైపాడు, తుమ్మలపెంట కానివ్వండి, ప్రకాశం వైపు పాకల, కొత్తపట్నం కానివ్వండి, ఏడాదిలో ఎక్కువ నెలలు మనకు కావాల్సింది పొడుగు చేతుల రాష్ గార్డ్, అంటే ఎండ నుంచీ ఒరుపు నుంచీ కాపాడే, ఒంటికి అతుక్కునే పలుచటి చొక్కా. ఫుల్ వెట్‌సూట్ కొనొద్దు.

ఎందుకో నీటి వేడి చూస్తే తెలుస్తుంది. మన తీరంలో సముద్రం పైనీరు జనవరిలో దాదాపు 26 డిగ్రీలు ఉంటుంది, మే నెలకు 29, 30కి చేరుతుంది. చలికాలానికీ ఎండాకాలానికీ తేడా అంతే. వెట్‌సూట్ 1950లలో కాలిఫోర్నియాలో పుట్టింది, దానికి మూలపురుషుడిగా భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ పేరు చెబుతారు. అక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సముద్రం ఏడాదిలో చాలాకాలం 10 నుంచి 15 డిగ్రీల మధ్యే ఉంటుంది. అంత చల్లటి నీళ్లలో గంటసేపు ఉండాలంటే ఆ సూట్ తప్పనిసరి. నియోప్రీన్ అనే రబ్బరు నురగలో చిన్న చిన్న వాయు బుడగలు ఉంటాయి, అవి ఒంటి వేడిని బయటికి పోనివ్వవు. సూట్‌కూ చర్మానికీ మధ్య చేరిన కాసిని నీళ్లు కూడా ఒంటి వేడికే వెచ్చబడతాయి.

మందం విషయంలో సర్ఫర్లు మామూలుగా పాటించే లెక్క ఒకటుంది. 15 నుంచి 18 డిగ్రీల నీటికి 3/2 సూట్, అంటే ఛాతీ దగ్గర 3 మిల్లీమీటర్లు, చేతులకూ కాళ్లకూ 2. దాదాపు 19 నుంచి 22 డిగ్రీలకు 2 మిల్లీమీటర్ల షార్టీ, అంటే పొట్టి చేతులతో మోకాళ్ల పైదాకా ఉండేది. 24 దాటాక సూట్ మాటే ఎత్తరు. మన సముద్రం ఎంత చల్లబడినా ఈ గీతకు పైనే ఉంటుంది.

3/2 సూట్ మనకు అనవసరమే కాదు, ఎండాకాలంలో ప్రమాదం కూడా. చేతులతో తెడ్డేసుకుంటూ అలల్ని దాటి లోపలికి వెళ్లేసరికే ఒళ్లు వేడెక్కిపోతుంది. చెమట ఆరే దారి ఉండదు. రోహిణి కార్తె ఎండలో నెల్లూరు వీధుల్లోనే తల తిరుగుతుంది, ఇక రబ్బరు తొడుగులో ఎలా ఉంటుందో చెప్పాలా? షార్టీ కాస్త నయం అనిపిస్తుంది గానీ, ఎండ ఎక్కువగా కొట్టే ముంజేతులను అది ఎలాగూ కప్పదు.

రాష్ గార్డ్ ఆ పని బాగా చేస్తుంది. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న బట్ట అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 98 శాతాన్ని ఆపుతుంది. బోర్డు మీద బోర్లా పడుకున్నప్పుడు, జారకుండా దానికి రాసే మైనం, ఇసుక కలిసి పొట్టనూ ఛాతీనీ గీరేస్తాయి, దాని నుంచీ కాపాడుతుంది. జెల్లీఫిష్ దారాలు బట్ట ఉన్నచోట నేరుగా చర్మానికి అంటవు. ధర కూడా సూట్ ధరలో చిన్న భాగమే. ఒంటికి అతుక్కునే సైజే తీసుకోండి, వదులుగా ఉంటే నీళ్లలో పైకి లేచి చంకల దగ్గర ఒరుసుకుంటుంది.

అయితే రాష్ గార్డ్ వెచ్చదనం ఇవ్వదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున దిగేవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. నీళ్లు వెచ్చగానే ఉంటాయి, చలంతా గాలిది. అల కోసం బోర్డు మీద కూర్చున్నప్పుడు తడిబట్టకు గాలి తగిలితే పళ్లు టకటకలాడతాయి. సన్నగా ఉన్నవాళ్లూ పిల్లలూ ముందు వణుకుతారు. వాళ్లకు 1 మిల్లీమీటరు నియోప్రీన్ టాప్ మంచిది, నడుము దాకా ఉంటే చాలు. డిసెంబర్, జనవరి ఉదయాలు దాటితే దాని పని అయిపోయినట్టే. ఏడు గంటల తర్వాత దిగేవాళ్లు అదీ కొనక్కర్లేదు, బయటికి రాగానే వేసుకోవడానికి ఒక పొడి చొక్కా పెట్టుకుంటే సరిపోతుంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల కాలం. అప్పుడు బట్టల కంటే ముందు హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూడండి. ఊళ్లో పడవలు ఒడ్డున ఉన్నాయంటే మీరూ ఒడ్డునే ఉండండి.

చదువుకో ఉద్యోగానికో ఐర్లాండ్, కాలిఫోర్నియా లాంటి చోట్లకు వెళ్లేవాళ్లు సూట్ అక్కడే అద్దెకు తీసుకోవడం మేలు. ఏ నెలకు ఎంత మందం కావాలో అక్కడి షాపువాళ్లకే బాగా తెలుసు. గోవాకో, చెన్నై దగ్గరి కోవలానికో, విశాఖకో అయితే ఇక్కడి రాష్ గార్డే సరిపోతుంది. నియోప్రీన్ టాప్ కొన్నవాళ్లు దాన్ని మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేయాలి, మన ఎండకు ఆ రబ్బరు పగుళ్లిస్తుంది.

రంగు దగ్గర మాత్రం రాజీ పడొద్దు. నీలం, తెలుపు, బూడిద రంగులు నురగలో కలిసిపోతాయి. నారింజో, మెరిసే ఆకుపచ్చో అయితే ఒడ్డున ఉన్న స్నేహితులకూ, అటుగా వచ్చే మర పడవ నడిపేవాళ్లకూ దూరం నుంచే కనిపిస్తారు.