షార్క్ పిల్ల అమ్ముతున్నారు, కొనేముందు జాగ్రత్త

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉప్పునీటి ట్యాంకులు పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా షార్క్ కొందామనుకుంటే, డబ్బు కట్టకముందే ఇది చదవండి. శ్రీకాకుళంలో నేను చేపలు కొనే షాపువాళ్ళు (పేరు రాయడం లేదు, గొడవ ఇంకా తేలలేదు) నాకు బాంబూ షార్క్ పిల్లను అంటగట్టారు. జానెడు పొడవు, ఒంటినిండా నలుపు తెలుపు పట్టీలు, ముచ్చటగానే ఉంది. నాలుగడుగుల ట్యాంకు సరిపోతుందా అని అడిగితే, "ట్యాంకు ఎంతుంటే అంతే పెరుగుతాది సార్, టెన్షన్ పడకండి" అన్నాడు.

పచ్చి అబద్ధం. ఇంట్లో పెంచదగ్గ షార్కుల్లో చిన్నదని చెప్పే ఈ బాంబూ షార్కే 3 అడుగుల దాకా పెరుగుతుంది. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకులో పట్టేది సుమారు 450 లీటర్లు. అందులో అది వెనక్కి తిరగడమే కష్టం. దానికి సరిపడా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ట్యాంకు పెడదామంటే నీళ్ళ బరువే 2 టన్నులు దాటుతుంది, మేడ మీద గదిలో పెట్టే సరుకు కాదు. పైగా పగలంతా రాయి కింద పడుకుని రాత్రిళ్ళు తిరిగే చేప. చుట్టాలు వచ్చినప్పుడు చూపిద్దామంటే తోక కూడా కనబడదు!

అయినా నా షార్క్ పోయింది పెరిగి కాదు, మందు వల్ల. అదే ట్యాంకులో క్లౌన్ చేపలకి తెల్లమచ్చలు వచ్చాయి. షాపుకి వెళ్తే, షార్క్ కూడా ఉందని చెప్పినా, రాగి కలిసిన మందు సీసా చేతిలో పెట్టారు. మామూలు చేపలకి ఆ మందు పనిచేస్తుంది. షార్కులు, టేకు చేపలు (పళ్ళెంలా చదునుగా, పొడుగు తోకతో ఉండేవి) మాత్రం రాగిని తట్టుకోలేవు. తిండి మానేసింది, ఎగశ్వాసతో అడుగున పడి ఉండి చచ్చిపోయింది.

వెళ్ళి అడిగితే "కళింగపట్నం సముద్రం నీళ్ళు తెచ్చి పోసుంటారు" అని నా మీదకే తోశారు. వంశధార సముద్రంలో కలిసే చోటు అది, వానాకాలంలో ఏరు పొంగితే అక్కడి నీళ్ళలో ఉప్పు తగ్గిపోతుంది, ఆ మాట నిజమే. కానీ నేను పోసింది వాళ్ళ దగ్గర కొన్న ప్యాకెట్ ఉప్పు కలిపిన నీళ్ళు! బిల్లులో మాత్రం "చేప 1" అని రాసి ఉంది, జాతి పేరు లేదు. మీరు ఏ చేప కొన్నా జాతి పేరు రాయించుకోండి, మీ ఎదురుగా దానికి మేత వేయమని, తింటుందో లేదో చూసుకోండి.

ఇదే షాపులో బ్లాక్‌టిప్ షార్క్ కూడా తెప్పిస్తామంటున్నారు. అది 5 అడుగులు పెరిగే చేప, ఆగకుండా ఈదుతూనే ఉండాలి. ఇళ్ళకి దాని ఊసే వద్దు. మంచినీళ్ళ తొట్టిలో షార్క్ అని చవగ్గా అమ్మేది ఇంకో రకం మోసం: అది చెరువుల్లో పెంచే పంగస్ పిల్ల, అసలు షార్కే కాదు.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మన జిల్లాలో చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే ఇంత పెద్ద చేపకి నీళ్ళలో గాలి చాలదు.

ఇప్పటికే షార్క్ కొన్నవాళ్ళుంటే, తెల్లమచ్చలు వచ్చిన చేపల్ని వేరే తొట్టిలోకి తీసి అక్కడే మందు వేయండి. ఆ తొట్టి వల, మగ్గు మళ్ళీ షార్క్ ట్యాంకులో పెట్టకండి.