లీజు సర్వర్లతో నాలుగేళ్లు: మెయింటెనెన్స్ గడువు తీరిందని ఆలస్యంగా తెలిస్తే

రెండు సర్వర్లు, ఒక స్టోరేజి బాక్సు లీజుకు తీసుకుని నాలుగేళ్లు కావస్తోంది. మెషీన్ల మీద పెద్దగా ఫిర్యాదు లేదు. మమ్మల్ని తిప్పలు పెట్టినవి కాగితాలే.

లీజు 36 నెలలు, తయారీ కంపెనీ మెయింటెనెన్స్ (చెడిపోతే వాళ్లే బాగుచేసి ఇచ్చే కాంట్రాక్టు) కూడా 36 నెలలే. రెండూ ఒకేసారి ముగుస్తాయనుకున్నాం. కానీ మాకు ఇచ్చిన మెయింటెనెన్స్, సరుకు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన రోజే మొదలైంది, లీజేమో సరుకు అందిందని మేం సంతకం పెట్టాక. అక్కడే ఏడు వారాల తేడా. ఆ తర్వాత లీజు ఇంకో ఏడాది పొడిగించాం. అకౌంట్స్ వాళ్లు మెయింటెనెన్స్ సంగతి మేం చూస్తున్నామనుకున్నారు, మేమేమో వాళ్లు కట్టే వాయిదాలోనే అదీ ఉందనుకున్నాం. రెన్యువల్ మెయిల్స్ వెళ్లింది లీజు కంపెనీకి. మెషీన్లకు ఓనర్లు వాళ్లే కదా!

ఒక సోమవారం పొద్దున స్టోరేజిలో మూడో డిస్కు మీద నారింజ లైటు వెలిగింది. రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా మిగతావాటితో డేటా నిలిచే ఏర్పాటు) కాబట్టి పని ఆగలేదు, కానీ ఇంకో డిస్కు పోతే డేటా మొత్తం గోవిందా. సపోర్టుకు ఫోన్ చేసి సీరియల్ నంబర్ చదివాను. "దీనికి కవరేజీ అయిపోయి ఐదు నెలలైంది సార్" అన్నారు.

మళ్లీ చేర్చుకోవాలంటే ఆ ఐదు నెలలకూ డబ్బు కట్టాలి, పైన ఫీజు ఒకటి, ముందుగా ఇంజినీరు వచ్చి తనిఖీ చేయాలి. పోయిన డిస్కు మాత్రం మా ఖర్చే, పాత జబ్బు కొత్త కాంట్రాక్టులోకి రాదట. బ్యాకప్ నుంచి రెండు ఫైళ్లు వెనక్కి తెచ్చి చూసుకున్నాకే అదే పార్ట్ నంబర్ డిస్కు కొని పెట్టాం. రీబిల్డ్, అంటే కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపే పని, రాత్రంతా నడిచింది. ఆ సమయంలో మిగిలిన డిస్కుల మీదే భారమంతా, అందుకే టెన్షన్‌తో ఎవరికీ నిద్ర లేదు.

బయటి సంస్థ మెయింటెనెన్స్ చవకగా వస్తుందన్నారు, నిజమే. కానీ ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వాళ్ల చేతిలో లేవు. పైగా మా లీజు పత్రంలో ఒక లైను ఉంది: తిరిగి ఇచ్చేటప్పుడు మెషీన్లు తయారీ కంపెనీ మెయింటెనెన్స్‌కు అర్హంగా ఉండాలి. ఆ లైను నేను చదివింది అప్పుడే, సిగ్గుపడాల్సిన విషయం. అదే పేజీలో ఇంకోటి: మెషీన్ నడిచినా నడవకపోయినా వాయిదా ఆగదు. చివరికి పాత బాకీ కట్టి కంపెనీ కాంట్రాక్టులోకే వెళ్లాం. ఫీజు తగ్గించమని అడిగితే కొంత తగ్గించారు కూడా, అడగడానికి మొహమాటపడకండి.

లీజు పద్ధతికి నా మార్కులు ఐదుకు మూడు. ఇప్పుడు ఒక షీట్‌లో ప్రతి సీరియల్ నంబర్ పక్కన రెండు తేదీలు రాసి పెట్టాను, లీజుది వేరు, మెయింటెనెన్స్‌ది వేరు. రెన్యువల్ మెయిల్స్‌కి మా అడ్రసు కూడా చేర్చమని లీజు కంపెనీకి రాశాను. రెండుసార్లు గుర్తుచేస్తే గానీ చేర్చలేదు.