పూరీ యాత్ర: మామగారి కారం, అమ్మ చప్పిడి

పూరీ వెళ్ళే తెలుగువాళ్ళకు ముందుగా ఒక మాట. ‘ఆంధ్రా భోజనం కలదు’ అని తెలుగులో రాసిన బోర్డు ఉందని ఏ హోటల్లోనూ గది తీసుకోకండి. అలాంటి బోర్డు పెట్టుకున్న ఒక హోటల్ మా దగ్గర డబ్బు గుంజింది, పైగా ఇంటి పెద్దావిణ్ణి ఆకలితో పడుకోబెట్టింది. అదే ఊళ్ళో గుడి ప్రాంగణంలో నేలమీద కూర్చుని తిన్న అన్నం మాత్రం ఇప్పటికీ నోట్లో ఉన్నట్టే ఉంది. ఎక్కువగా ఆ రెండు భోజనాల సంగతే రాస్తాను. కోణార్క్ గురించి, చిలికా సరస్సు గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మా మామగారిది నరసరావుపేట. ఇడ్లీలోకి నల్లకారం, అన్నంలోకి పండుమిరప పచ్చడి లేకపోతే ఆయన భోజనం చేసినట్టే కాదు. మా అమ్మది టెక్కలి. అరటికాయ కూరలో ఆవ పెట్టి, గుమ్మడికాయ పులుసులో బెల్లం వేసి వండే ఇల్లు మాది. పైగా అమ్మకు అల్సర్ ఉంది, డాక్టరు కారం పూర్తిగా మానెయ్యమన్నారు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నేను ఈ రెండు రుచుల మధ్యే వంట చేస్తున్నాను. మామగారు మంచి మనిషే, కానీ చప్పటి కూర కనిపిస్తే చాలు, “జ్వరం వచ్చినవాళ్ళు తినేదమ్మా ఇది” అనేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగానే ఉండేది. మా అమ్మ చేతి వంట తినే నేను పెరిగాను మరి.

తిరుపతి–పూరీ ఎక్స్‌ప్రెస్‌కి విజయవాడలో నేను, మా ఆయన, పాప, మామగారు ఎక్కాం. పలాసలో అమ్మ ఎక్కింది, చేతిలో జీడిపప్పు పొట్లంతో. ప్రయాణం హాయిగా జరిగిపోయింది.

హోటల్ స్వర్గద్వార్ వైపు, సముద్రానికి దగ్గర్లో. గదికి రోజుకి 2,600, రెండు గదులు. బుక్ చేసేటప్పుడు ఫోన్లో నేను ప్రత్యేకంగా అడిగాను, కారం తినలేని పెద్దావిడ ఉన్నారు, విడిగా ఏమైనా చేస్తారా అని. “ఎందుకు చెయ్యం మేడమ్, మన తెలుగువాళ్ళ కోసమే కదా” అన్నారు. గదులు బాగానే ఉన్నాయి, అందులో వంక పెట్టను. ఆ రాత్రి భోజనానికి కిందికి దిగాకే అసలు కథ మొదలైంది.

ఫుల్ మీల్స్ 340 రూపాయలు. పాపకి తొమ్మిదేళ్ళు, సగం ప్లేటు ఇమ్మంటే అలాంటిది లేదన్నారు. సాంబారు ఎర్రగా వచ్చింది. ముద్ద కలిపితే ఆ రంగు వేళ్ళకు అంటుకుంది, సబ్బుతో కడిగినా గోళ్ళ అంచుల్లో ఉండిపోయింది. పప్పు మీద కారప్పొడి చల్లేసి తెచ్చారు, అది కలవను కూడా లేదు, ఒక మూల ముద్దకట్టి ఉంది. పచ్చి కారం వాసన. మామగారు రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేశారు. “ఇది కారం కాదమ్మా, ఉత్త మంట” అన్నారు. మిరపకాయ వేయించి, జీలకర్ర, వెల్లుల్లి, చింతపండు వేసి రోట్లో దంచితే దానికొక వాసన, ఒక పులుపు, ఒక రుచి వస్తాయి. కారం తినేవాళ్ళంటే ఎర్రగా ఉన్నది ఏది పెట్టినా తినేస్తారని ఆ వంటవాడు అనుకున్నాడు. ఆ చులకన మామగారికి బాగా తగిలింది. కారం ఇష్టపడేవాళ్ళకు జరిగిన అన్యాయం కూడా చిన్నదేం కాదని నాకు ఆ పూటే అర్థమైంది.

అమ్మకు తెల్లన్నం, పెరుగు ఇస్తే చాలన్నాం. విడిగా ఇవ్వం, ఫుల్ మీల్స్ తీసుకోవాల్సిందే అన్నాడు మేనేజరు. ఫోన్లో ఇచ్చిన మాట గుర్తు చేస్తే, “ఫోన్లో ఎవరు మాట్లాడారో వాళ్ళనే అడగండి” అన్నాడు. పెరుగు కప్పు 80. రెండు కప్పులు తెప్పించాం, పుల్లగా ఉంది, అమ్మకు పడలేదు. గదిలోకి వెళ్ళి రెండు అరటిపండ్లు తిని పడుకుంది. పడుకునే ముందు, “నా వల్ల మీకందరికీ ఇబ్బందే” అంది. మా ఇళ్ళల్లో చప్పిడి తినేవాళ్ళు ఎప్పుడూ ఇలాగే నొచ్చుకుంటారు. ‘నాకు పొడి కావాలి, పచ్చడి కావాలి’ అని అడిగేవాళ్ళు ధైర్యంగా అడుగుతారు. ‘నాకు కారం వద్దు’ అనడానికి మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి.

బిల్లు 2,148 వేశారు. అయిదు భోజనాలు, రెండు పెరుగులు కలిపి 1,860, దాని మీద పది శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద జీఎస్టీ. సర్వీస్ చార్జి తప్పనిసరిగా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే స్పష్టంగా చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే సమర్థించింది. మా ఆయన అదే చెప్పి, 1915కి ఫోన్ చేస్తామన్నారు. అది వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబరు దగ్గర ఉంచుకోండి. గొణుక్కుంటూ బిల్లు మార్చి 1,953 చేశారు. రెండో రోజు గదులు ఖాళీ చేసేశాం. గుడి దగ్గరలో ఒక ధర్మశాలలో గదికి 900కి దిగాం, మంచాలు పాతవే అయినా వేడినీళ్ళు వచ్చాయి, మర్యాద ఉంది.

ఇక గుడి. సెల్‌ఫోన్లు, తోలు వస్తువులు లోపలికి రానివ్వరు, కౌంటర్లో పెట్టి వెళ్ళాలి. 2024 జనవరి నుంచి బట్టల విషయంలోనూ నిబంధన ఉంది, నిక్కర్లు, చిరుగుల జీన్సులు కుదరవు. మామగారి సంచిలో ఎప్పుడూ ఒక చిన్న సీసా ఉంటుంది, మా అత్తయ్య కొట్టిన కారం. సంచీతో పాటు అది కూడా బయటే ఉండిపోయింది. దర్శనం గంటలో అయింది. ఒక పండా (గుడి పూజారి) 1,100 సంకల్పం చేయించుకోమని వెంటపడ్డాడు, 101 చేతిలో పెట్టి ముందుకు నడిచాం. గట్టిగా ‘వద్దు’ అంటే వదిలేస్తారు.

గుడి ప్రసాదం అమ్మే ఆనంద బజారు బయటి ప్రాకారంలో, ఈశాన్యం వైపు ఉంటుంది. మధ్యాహ్నం భోగం (నైవేద్యం) అయ్యాక వెళ్ళాలి. వంటశాల ఆగ్నేయంలో ఉంది. అక్కడి నుంచి కావడి కట్టి, కుండల మూతులకు గుడ్డ చుట్టి, పరుగులాంటి నడకతో తెస్తారు. కట్టెల పొయ్యి మీద కుండ మీద కుండ పేర్చి వండుతారట. వండిన కుండ మళ్ళీ వాడరు, ప్రతిసారీ కొత్తదే. జగన్నాథుడికి పెట్టాక అదే ప్రాంగణంలోని విమలాదేవికి నివేదిస్తేనే అది మహాప్రసాదం అవుతుంది. ఆ తర్వాత దానికి కులం లేదు, అంటు లేదు. ఎవరు వడ్డించినా ఎవరైనా తినొచ్చు.

బేరం తప్పదు. అయిదుగురికి అన్నం, డాల్మా, బేసర, ఆకుకూర, ఖటా, కొంచెం కనిక (నెయ్యి వేసిన తీపి అన్నం) కలిపి మొదట 1,400 అడిగారు. ఏ కుండ ఎంతో విడివిడిగా అడిగి, 900కి ఒప్పించాం. కుండ మూత తీయకముందే ధర తేల్చుకోండి, తీశాక ప్రసాదం ముందు బేరమాడబుద్ధి కాదు.

అరటాకులో అన్నం గుమ్మరించారు. కట్టెపొగ వాసన, మట్టి వాసన కలిసిన అన్నం. డాల్మా అంటే కందిపప్పులో కంద, చేమ, అరటికాయ, గుమ్మడి వేసి మెత్తగా ఉడికించిన పప్పుకూర. అల్లం, జీలకర్ర, కొబ్బరి, నెయ్యి తెలుస్తున్నాయి. మిరపకాయ లేదు. బంగాళాదుంప లేదు, టమాటా లేదు. ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఉండవు. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో మిరప తెచ్చేనాటికే ఈ గుడి కట్టి వందల ఏళ్ళయింది. సముద్రాలు దాటి వచ్చిన మిరప, బంగాళాదుంప, టమాటా ఈ వంటశాల గడప తొక్కలేదు. ఘాటు కావాలంటే మిరియం ఉంది, అల్లం ఉంది, ఆవ ఉంది. మిరప రాకముందు మన పల్నాడు ముత్తాతల వంట కూడా ఈ దినుసులతోనే సాగి ఉంటుంది కదా అనిపించింది. అన్నంలో మిరప లేకపోతే పథ్యమని తీసిపారేసేవాళ్ళు ఆనంద బజారులో ఒక పూట కూర్చోవాలి. రాజు తిన్నా పేద తిన్నా ఇదే అన్నం.

బేసర ముద్ద నోట్లో పెట్టుకోగానే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. “ఇది మన ఆవ పెట్టిన కూరే కదే!” అంది. నిజంగా అదే. ఆవ ముద్దగా నూరి కూరలో కలిపిన ఘాటు, చివర్లో సన్నటి తీపి. ఇందులో ఆశ్చర్యం కూడా లేదు. ఈ గుడి కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడు తూర్పు గంగుల రాజు. వాళ్ళ పాత రాజధాని కళింగనగరం మా శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమే. మా వైపు వంటకీ ఈ వంటకీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఆవిడ బయట ఎక్కడైనా రెండోసారి అడగ్గా నేను చూడలేదు.

మామగారు ఏమంటారోనని లోపల టెన్షన్ పడుతూనే ఉన్నాను. మొదటి ముద్దకి ఆయన చెయ్యి అలవాటుగా సంచి కోసం వెతికింది. తర్వాత మాట్లాడకుండా తిన్నారు. ఖటా, అంటే పుల్లటి పచ్చడిలాంటిది, రెండుసార్లు వేయించుకున్నారు. బేసర తిని, “ఇది ముక్కుకెక్కుతోంది చెల్లెమ్మా, బాగుంది” అన్నారు అమ్మతో. డాల్మా మాత్రం ఆయనకు నచ్చలేదు, ఎండుమిర్చి పోపు పడితే బాగుండేదన్నారు. “అలా అయితే అది డాల్మా ఎందుకవుతుంది అన్నయ్యగారూ” అంది అమ్మ, గట్టిగానే. ముందురోజు రాత్రి తన వల్ల ఇబ్బంది అని బాధపడిన మనిషేనా అనిపించింది. నాకు ఆ పూట కడుపు రెండు రకాలుగా నిండింది.

ఒడియావాళ్ళు కారం తినరనుకుంటే మాత్రం పొరపాటు. అది గుడి వంట నియమం, ఊరి నియమం కాదు. పొద్దున బండి మీద బరా–ఘుగుని (గారెలు, బఠాణీ కూర) 30 రూపాయలు, ఘుగునిలో పచ్చిమిర్చి బాగానే తగిలింది. మర్నాడు బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో పఖాళ తాళీ తీసుకున్నాం, 150. పఖాళ అంటే నీళ్ళలో నానిన చద్దన్నం, చల్లగా, కొంచెం పెరుగుతో. పక్కన వేయించిన వంకాయ, ఆకుకూర, ‘బడి చూరా’. మినప్పప్పు వడియాల్ని వేయించి, వెల్లుల్లి, ఉల్లి, పచ్చిమిర్చి వేసి చేత్తో నలిపి, పైన ఆవనూనె చుక్క వేసేదే ఈ చూరా. మామగారికి మొదట ఆవనూనె వాసన పడలేదు. రెండో చిటికెకి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, మొహం వెలిగింది. చప్పటి చద్దన్నం పక్కన మంట పుట్టించే పొడి, రెండూ ఒకే కంచంలో. అమ్మ తన చూరా ఆయన కంచంలో వేసింది, ఆయన తన పెరుగు అటు జరిపారు. పాప ఒక్క వంకాయ ముక్కలతోనే అన్నమంతా తినేసింది. యాత్ర మొత్తంలో నలుగురైదుగురు కలిసి ప్రశాంతంగా తినడానికి నేను సిఫార్సు చేసేది ఇలాంటి చిన్న హోటళ్ళనే. ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు కంచాలు, అడిగితే కారం వేరే గిన్నెలో ఇస్తారు. 340 తీసుకున్నవాళ్ళకు చేతకానిది ఇది.

కోణార్క్ టికెట్ 40, పొద్దున్నే వెళ్తే ఎండ తగలదు. చిలికాలో పడవ ఎక్కాం, గాలి బాగుంది.

తిరుగు ప్రయాణంలో బరంపురంలో ఒక పూట దిగాం. ఊళ్ళో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది, పచ్చళ్ళకీ అప్పడాలకీ పేరున్న ఊరు. ఒక మెస్‌లో భోజనం 120. అడగకుండానే, “కారం తింటారా, తక్కువ కావాలా” అని వడ్డించేవాడే అడిగాడు. పూరీలో ఆ మేనేజరుకి రాని మాట అదే. అమ్మకు పోపు పెట్టని పప్పు విడిగా తెచ్చాడు, దానికి పైసా ఎక్కువ వెయ్యలేదు. మామగారు మామిడికాయ పచ్చడి అరకిలో 180 పెట్టి కొన్నారు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని కాదు, పక్కన తెల్లన్నం, పెరుగు దొరికే హోటల్ ఉందా అని అడగండి. ఒక పూట మాత్రం తప్పకుండా ఆనంద బజారుకి ఉంచుకోండి, ఆ పూట ఉదయం టిఫిన్ తక్కువ తినండి. కారం సీసా తీసుకెళ్ళడంలో తప్పేం లేదు, బయట హోటళ్ళలో పనికొస్తుంది. కార్తీకంలో మళ్ళీ వెళ్దామని అమ్మ ఇప్పటినుంచే అంటోంది. మామగారు సరేనన్నారు, బరంపురంలో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దిగాలని షరతు పెట్టారు. టికెట్లు తెరవగానే బుక్ చేస్తాను.