ఫిడోనెట్ నోడ్ సమీక్ష: మారిన దారి, మారని మూట

1984లో టామ్ జెన్నింగ్స్ ప్రారంభించిన ఫిడోనెట్ నేటికీ నడుస్తోందని చెబితే చాలామంది నమ్మరు. ఒక బులెటిన్ బోర్డు (జనం ఫోన్ లైన్ ద్వారా కలిసి సందేశాలు రాసుకునే కంప్యూటర్) మోడెమ్ ద్వారా మరొక బోర్డుకు ఫోన్ చేసి, సందేశాల మూటను అప్పగించి, తనకు రావలసిన మూటను అందుకునే పద్ధతిగా మొదలైన ఈ నెట్‌వర్క్, 1990ల మధ్య నాటికి 30,000కు పైగా నోడ్లకు, అంటే అందులో చేరిన బోర్డులకు, విస్తరించి, ఇంటర్నెట్ ఇంటింటికీ చేరాక బాగా చిక్కిపోయింది. అందులో ఒక నోడ్ నడుపుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

సేవగా చూస్తే మెచ్చుకోవలసింది ఎంతో ఉంది. చేరడానికి రుసుము లేదు. స్వచ్ఛందంగా పనిచేసే సమన్వయకర్తలు జోన్, నెట్, నోడ్ సంఖ్యలతో కూడిన చిరునామాను కేటాయిస్తారు. సింక్రోనెట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో సాధారణ కంప్యూటర్‌పైనే బోర్డును నిలబెట్టవచ్చు. పొరుగు నోడ్ ఆగిపోతే దానికి పంపవలసిన సందేశం పోదు, అది తిరిగి లేచేదాకా మన దగ్గరే భద్రంగా ఉంటుంది. ఈ ఓపిక నాకు చాలా ఇష్టం.

చిక్కంతా మూట లోపలే ఉంది. ప్రతి సందేశంలోనూ పంపినవారి పేరుకు 36 బైట్లు, విషయానికి 72, తేదీకి 20 అని 1980లలో గీసిన హద్దులే ఇప్పటికీ వర్తిస్తున్నాయి. ఆ తేదీలో సంవత్సరానికి రెండే అంకెలు. అన్ని లిపులనూ నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి, 36లో ఒక బైటు ముగింపు గుర్తుకే పోతుంది కనుక, గుణింతాలూ వత్తులూ విడిగా లెక్కకు వచ్చే మన రాతలో పేరు 11 సంకేతాల దగ్గరే ఆగిపోవాలి. నోడ్లన్నిటి చిరునామాలుండే పట్టిక, నోడ్‌లిస్ట్, కూడా ఇలాంటిదే: ఇంటర్నెట్ మీద మాత్రమే పనిచేసే నోడ్‌కు సైతం ఫోన్ నంబరు గడి ఉంటుంది, మోడెమ్ వేగం దగ్గర 300 అని రాసి ఉంటుంది, అసలు చిరునామా చివరి ఫ్లాగుల్లో (అదనపు గుర్తుల్లో) ఇరుక్కుని కనిపిస్తుంది.

మెరుగైన ప్యాకెట్, అంటే మూటకు కొత్త రూపం, కోసం ప్రతిపాదనలు రాకపోలేదు. అవి ఎందుకు నిలవలేదో నోడ్ నడిపితేనే నాకు అర్థమైంది. ఎకోలో (నోడ్లన్నీ పంచుకునే చర్చావేదికలో) రాసిన సందేశం చదువరిని చేరేలోగా ఎన్నో నోడ్ల చేతులు మారుతుంది. ప్రతిచోటా టాసర్ అనే ప్రోగ్రామ్ దాన్ని విప్పి, నకళ్లు తీసి, మళ్లీ మూటకట్టి పంపుతుంది. ఆ గొలుసులో ఎక్కడో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కాలపు టాసర్ ఒకటి ఉండవచ్చు. దాని సోర్స్ కోడ్ ఎన్నడూ బయటికి వచ్చి ఉండదు, దాన్ని రాసినవారు ఆ పని మానేసి ఏళ్లు గడిచి ఉంటాయి. కొత్త రూపంలో వచ్చిన మూటను అది విప్పలేదు, దాని వెనకున్నవారికి ఆ సందేశం చేరదు. ఒక్క సిసాప్‌ను (బోర్డు నడిపేవారిని) కూడా వదులుకోవడం ఇష్టం లేక అందరూ పాత రూపానికే కట్టుబడతారు. దీన్ని సోమరితనమని నేను అనలేను. పాత యంత్రాన్ని బతికించుకోవాలన్న ప్రేమతోనే కదా చాలామంది ఇక్కడికి వచ్చింది. అందుకే లిపి పేరూ సమయ మండలమూ వంటి కొత్త వివరాలన్నీ కంట్రోల్-ఏ అక్షరంతో మొదలయ్యే క్లడ్జ్ పంక్తులుగా సందేశంలోనే చేరాయి; తెలిసిన ప్రోగ్రామ్ చదువుకుంటుంది, తెలియనిది దాటేస్తుంది.

నియమాలు ఈ ముడిని మరింత బిగించాయి. సాంకేతిక ప్రమాణాల కమిటీ ఇప్పటికే విస్తృతంగా వాడుకలో ఉన్నదాన్నే ప్రమాణంగా నమోదు చేస్తుంది. ప్రమాణం కానిదాన్ని వాడుకలోకి తేవడానికి ప్రోగ్రామర్లు వెనకాడతారు. పాలనా నియమావళి 4.07 వెలువడింది 1989 జూన్‌లో. దాన్ని మార్చాలంటే ముందు రీజినల్ సమన్వయకర్తల్లో ఎక్కువమంది కోరాలి, తర్వాత ఓటు వేసే హక్కు కూడా సమన్వయకర్తలకే ఉంది, సాధారణ సిసాప్‌లకు లేదు.

అయినా ఈ నెట్‌వర్క్‌కు మారడం చేతకాదనుకోవడం పొరపాటు. ఫోన్ లైన్ బదులు ఇంటర్నెట్ మీద, 24554 పోర్టు ద్వారా మూటలు మార్చుకునే బింక్‌పీ ప్రోటోకాల్ నేడు ప్రధాన మార్గమైంది. ఇద్దరు పొరుగువారు ఒప్పుకుంటే చాలు, మూడోవారి అనుమతి అక్కర్లేదు కనుకనే అది నిలదొక్కుకుంది.

చదవడానికీ మాట్లాడుకోవడానికీ వచ్చేవారికి ఈ నెట్‌వర్క్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ప్రోగ్రామర్లకు మాత్రం ఒక విన్నపం: కొత్త ప్యాకెట్‌ను అందరిచేతా ఒప్పించాలని చూడకండి. బింక్‌పీ సంభాషణ మొదట్లోనే ఇరుపక్షాలూ తమ సామర్థ్యాలను చెప్పుకునే ఏర్పాటు ఉంది. తెలిసిన పొరుగుకు కొత్త మూట, తెలియని పొరుగుకు పాత మూట పంపే టాసర్‌ను రాస్తే, నా నోడ్‌పై దాన్ని మొదటిరోజే పరీక్షిస్తాను.