అల్బేనియా వెళ్ళేముందు తెలుగులోంచి అల్బేనియన్: 50 లాంగ్వేజెస్ ఎంతవరకు పనికొచ్చింది

ముందే చెప్పేస్తున్నా, అల్బేనియన్ గడగడా మాట్లాడేద్దాం అనుకునేవాళ్ళకి కాదు ఈ రివ్యూ. సెలవలకి వెళ్తూ తిండి దగ్గర, బస్సు దగ్గర, కొట్టు దగ్గర నోరు పెగిలితే చాలు అనుకునేవాళ్ళకి. అందరూ ముందు డుయోలింగోలోనే వెతుకుతారు, అందులో ఈ భాష లేదు. 50 లాంగ్వేజెస్ అని ఒక యాప్ ఉంది, జర్మనీ వాళ్ళది, ఇదివరకు బుక్ 2 అనేవాళ్ళు. వంద పాఠాలు, ఆడియోతో సహా ఫ్రీ. అసలు సంగతేంటంటే మీ భాష ఏది అన్న చోట తెలుగు పెట్టుకుని, నేర్చుకునే భాష అల్బేనియన్ అని ఎంచుకోవచ్చు. తెలుగులోంచి డైరెక్టుగా అల్బేనియన్ నేర్పేది ఇంకోటి నాకైతే కనపళ్ళేదు.

మేముండేది జర్మనీలో. అమ్మానాన్న వచ్చినప్పుడు ఎటైనా తీసుకెళ్దాం, ఖర్చు తక్కువ ఉండాలి అంటే అల్బేనియా తేలింది. మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ వీసా ఉండి అది ఒకసారి వాడి ఉంటే అక్కడికి వేరే వీసా అడగరు (రూల్స్ మారుతుంటాయి, వెళ్ళేముందు ఎంబసీ సైట్ చూసుకోండి). అమ్మ ప్యూర్ వెజ్. ఇంగ్లీషుతో నెట్టుకొద్దాంలే అని మా ఆయన అన్నాడు కానీ ప్లేట్లో ఏముందో అడగాల్సిన అవసరం ఉన్నదాన్ని నేను కాబట్టి నేనే కూర్చున్నా.

భాష చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, ఆ ఇ మీద రెండు చుక్కలూ (ë), జి పక్కన జే, ఎక్స్ పక్కన హెచ్ చూసి మూసేయబుద్ధేస్తుంది. మూసేయకండి. 1908లో మనాస్తిర్ కాంగ్రెస్ అనే సభలో ఈ లిపి ఖాయం చేశారు, 36 అక్షరాలు, రాసినట్టే చదవడం, ఇంగ్లీషు స్పెల్లింగుల గోల లేదు. పైగా మన నోటికి బాగా నప్పుతుంది. సి అని రాస్తే మన చలి, చాపలో చ. ఎక్స్ అని రాస్తే జడ, జొన్నలో జ. ఆర్ రెండు సార్లు రాస్తే గుర్రంలో పలికినంత గట్టిగా పలకాలి, నా జర్మన్ కొలీగ్‌కి అది చచ్చినా రాదు, మా నాన్న మొదటిసారే అనేశారు. క్యూ అనే అక్షరం మాత్రం క్య కీ చ కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, అది ఆడియో విని విని పట్టుకోవాల్సిందే. ఇక్కడ యాప్‌కి ఫుల్ మార్కులు, ఆ భాష వాళ్ళే చదివారు, స్పష్టంగా ఉంది, వంట చేసుకుంటూ కూడా వినొచ్చు.

పాఠాల వరసే మనకి కుదరదు. ఏ భాషకైనా అవే వంద పాఠాలు కాబట్టి ఇల్లు శుభ్రం చేయడాలు, ఋతువులు అన్నీ దాటుకుంటూ పోవాలి. టూరిస్టుకి కావాల్సినవి 7వది అంకెలు, 29 నుంచి 32 రెస్టారెంటు, వీటితో మొదలెట్టేయండి. 33, 34 రైల్వే స్టేషను, రైలు పాఠాలు, అవి నిశ్చింతగా వదిలేయొచ్చు ఎందుకంటే రాజధాని టిరానాలో రైల్వే స్టేషన్ 2013లోనే మూసేశారు, ఊరూరికీ తిరిగేది బస్సులు, ఫుర్గోన్ అనే మినీవ్యాన్లు. గ్రామర్ ఎవరూ విడమర్చి చెప్పరు. ఊరి పేరు చివర మారిపోతుంటుంది, మ్యాప్‌లో బెరాత్, జనం నోట్లో బెరాతి, టిరానా అయితే బస్సు బోర్డు మీద చివర ఏ (a) బదులు చుక్కల ఇ (ë) ఉంటుంది. అది వేరే ఊరేమో అని బస్సు వదిలేసుకోవద్దు, అదే ఇది.

ఇక ఏ యాప్ చెప్పని విషయం, పాత లెక్ కొత్త లెక్. అక్కడి కరెన్సీ లెక్. 1965లో పది పాత లెక్‌లని ఒక కొత్త లెక్ చేశారు, కానీ జనం నోటికి ఇంకా పాత లెక్కే. బెరాత్‌లో అత్తిపళ్ళు అమ్మే ఆవిడ "దూ మీయ" అంది, అంటే రెండు వేలు, నాకు గుండె ఆగింది. ఆవిడ అడిగింది రెండు వందలు. అంకెలు ఎంత బాగా వచ్చినా సరే నోటు చూపించి అడగండి, లేదా ఫోన్‌లో టైప్ చేయించండి. "స కుష్తోన్", ఎంత అని అడగడం, ఒక్క పూటలో వచ్చేస్తుంది, జవాబు అర్థం చేసుకోవడం దగ్గరే ఉంది అంతా.

తిండికి "పా మిష్" అంటే మాంసం లేకుండా. "ఉన్ నుక్ హా మిష్", నేను మాంసం తినను. ఈ రెండూ అమ్మకి కూడా నేర్పించా, ఆవిడ మా అందరికంటే బాగా వాడేసింది. బ్యురెక్ అని పల్చటి పిండి పొరల మధ్య కూర పెట్టి కాల్చేది, ఆ కొట్లు వీధికొకటి ఉంటాయి, పాలకూరదీ, గ్యీజ్ అనే పెరుగు విరుగు లాంటి చీజ్‌దీ అడిగితే అమ్మ టిఫిను అయిపోయినట్టే. ఫెర్గెస్ అని మిరపకాయలు, టమాటా, చీజ్ వేసి చేస్తారు, అన్నంలోకి ఉంటే బాగుండు అనిపించేంత బాగుంటుంది, కానీ కొన్నిచోట్ల అందులో లివర్ వేస్తారు కాబట్టి అడక్కుండా తినొద్దు.

యాప్‌తో పాటు ఆన్‌లైన్‌లో గంటల లెక్కన చెప్పే ఒక టీచరమ్మ దగ్గర కొన్ని క్లాసులు తీసుకున్నా, ఉన్న డబ్బంతా అక్కడ పెట్టండి అంటా. ఆవిడది ఉత్తరాన ష్కోదర్. పుస్తకాల భాష దక్షిణాది తోస్క్ యాస మీద కట్టింది, ఉత్తరాన, పక్క దేశం కొసొవోలో గెగ్ యాస, ముక్కుతో పలుకుతారు, ఆ తేడా ముందే వినిపించింది. తల ఊపడం సంగతీ ఆవిడే చెప్పింది, అక్కడ అడ్డంగా ఊపితే అవును, కిందకీ పైకీ ఊపితే కాదు (కుర్రాళ్ళలో కొందరు మామూలుగానే ఊపుతారు, ఇంకా కన్ఫ్యూజన్). మా నాన్న మన స్టైల్లో అన్నిటికీ ఒకేలా ఊపి ఒక హోటల్లో మూడో కాఫీ కూడా తెప్పించుకున్నారు. అవును అనడానికి నోటితో "పో" అనాలి, మొదట్లో పెద్దవాళ్ళని తిడుతున్నట్టే ఉంటుంది.

మధ్యలో ఇంకో పెయిడ్ యాప్ కూడా తీసుకున్నా, పేరెందుకులెండి, బొమ్మలు చూసి గుర్రం, బకెట్టు అని నేర్పించుకుంటూ పోయింది, క్యాన్సిల్ చేసే బటన్ ఎక్కడుందో వెతకడానికే ఓ సాయంత్రం పోయింది.

టిరానాలో కుర్రాళ్ళకి ఇంగ్లీష్ వచ్చు, భయం లేదు. ఓ మాదిరి పెద్దవాళ్ళలో చాలామంది ఇటలీ పనులకి వెళ్ళొచ్చినవాళ్ళో ఇటలీ టీవీ చూసి పెరిగినవాళ్ళో కాబట్టి ఇటాలియన్ ముక్కలు పనికొస్తాయి, దక్షిణాన గ్రీసుకి దగ్గర్లో ఉన్న సరాందా వైపు గ్రీకు కూడా. అయినా "ఫలెమిందెరిత్" అని థాంక్స్ వాళ్ళ భాషలో చెప్తే మాత్రం ముఖం మారిపోతుంది. ఇండియా అనగానే మదర్ థెరిసా పేరెత్తుతారు, ఆవిడ అల్బేనియన్ కదా, టిరానా ఎయిర్‌పోర్టుకి పెట్టింది కూడా ఆవిడ పేరే.

యాప్‌కి నాలుగు స్టార్లు, టీచరమ్మకి అయిదు. థేత్ లాంటి కొండ ఊళ్ళకి వెళ్ళేవాళ్ళయితే రెస్టారెంటు పాఠాల ఆడియో ముందే ఫోన్లోకి దించుకోండి.