డాగ్ గ్రూమింగ్ కిట్: బ్రష్, దువ్వెన కోసం కొనొచ్చు, మిగతావి చూసి మాత్రం కొనకండి

పెంపుడు కుక్క గురించి ఆన్‌లైన్‌లో ఏం వెతికినా ముందు ఈ కిట్టే కనిపిస్తోంది. స్లిక్కర్ బ్రష్, స్టీల్ దువ్వెన, గోళ్ల కటర్, జడలు కట్టిన జుట్టు కోయడానికి బ్లేడు దువ్వెన, వేలికి తొడుక్కునే రబ్బరు టూత్‌బ్రష్, చిన్న సీసాలో షాంపూ, అన్నీ కలిపి 800 రూపాయల లోపే. ఇదే సరుకు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, అందుకే బ్రాండ్ పేరు రాయడం లేదు. మేముండేది విజయవాడ, మాది షిట్జు జాతి కుక్క, పేరు లడ్డూ.

స్లిక్కర్ బ్రష్‌కి నూటికి నూరు మార్కులు. పిన్నులు సన్నగా, చివర్లో కొంచెం వంగి ఉంటాయి, ఒళ్ళు గీసుకుపోదు, వెనక బటన్ నొక్కితే పట్టుకున్న జుట్టంతా ఒకేసారి ఊడి వచ్చేస్తుంది. షిట్జు జుట్టు ల్యాబ్రడార్‌లాగా ఇల్లంతా రాలదని చాలామంది సంతోషపడతారు కానీ, ఊడిన వెంట్రుక కింద పడకుండా మిగతా జుట్టులోనే చిక్కుకుంటుంది, అక్కడే ఉండలు మొదలవుతాయి. పైపైన బ్రష్ తిప్పితే చూడటానికి బాగానే ఉంటుంది, చర్మం దగ్గర మాత్రం జడలు అలాగే ఉంటాయి. అందుకే ఒక చేత్తో జుట్టు పైకెత్తి పట్టుకుని, కింద నుంచి పాయ పాయగా వదులుతూ దువ్వాలి, చిక్కు ఉన్నచోట ఆడపిల్లకి జడ వేసేముందు తీసినట్టే కొసల నుంచి మొదలుపెట్టి కుదుళ్ల వైపు రావాలి.

అసలు పరీక్ష స్టీల్ దువ్వెనది. బ్రష్ అయ్యాక దీన్ని చర్మానికి ఆనించి కొస దాకా లాగండి, మధ్యలో ఆగిందంటే అక్కడ ఉండ ఉన్నట్టే. లడ్డూకి ఎక్కువగా చెవుల వెనక, చంకల్లో, ఒంటికి కట్టే హార్నెస్ పట్టీ రుద్దుకునే చోట ఆగుతుంది. ఈ కిట్‌లోని దువ్వెనకి ఒక సగం పళ్లు దూరంగా, ఒక సగం దగ్గరగా ఉంటాయి, దగ్గర పళ్లతో కళ్ల కింద గట్టిపడిన పుసి కూడా తడిగుడ్డతో నానబెట్టాక మెల్లగా తీయొచ్చు. ఇంకో లాభం, పిడుదులు దొరికిపోతాయి. గోధుమ రంగు పిడుదు కుట్టడం వల్లే కుక్కలకి ఎర్లీకియోసిస్, అదే అందరూ టిక్ ఫీవర్ అనేది, వస్తుంది, కాబట్టి దువ్వేటప్పుడు చెవి మడతలు, కాలర్ కింద, వేళ్ల సందులు తప్పకుండా చూడండి. కనిపిస్తే ట్వీజర్‌తో చర్మానికి బాగా దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగేయాలి, దయచేసి కిరసనాయిలు పోయకండి, అగ్గిపుల్ల పెట్టకండి.

ఇక కటర్. బ్లేడు మొద్దుగా ఉంది, గోరు తెగడం మానేసి నలిగింది, చివర పొరలుగా చీలిపోయింది, ఆ నొక్కుడుకే కుక్క కాలు లాక్కుంటుంది, ఒకసారి భయపడితే మళ్లీ పాదం ఇవ్వడానికి ఎంత బతిమాలాలో పెంచేవాళ్లకి తెలుసు. గోళ్ల దగ్గర పొదుపు వద్దు, పదునైన కటర్ విడిగా కొనుక్కోండి, పక్కన రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ ఒకటి పెట్టుకోండి. తెల్ల గోరులో గులాబీ రంగు నరం బయటికే కనిపిస్తుంది, నల్ల గోరు అయితే సన్న సన్న ముక్కలుగా తీస్తూ, తెగిన చోట మధ్యలో ముదురు చుక్క కనిపించగానే ఆపేయాలి. రక్తం వస్తే కంగారు పడకుండా పౌడర్ అద్ది గట్టిగా నొక్కి పట్టుకోండి, పౌడర్ లేకపోతే కార్న్‌ఫ్లోర్ అయినా పనికొస్తుంది. ముందు కాళ్ల లోపలివైపు కాస్త పైన ఉండే గోరుని చాలామంది మర్చిపోతారు, అది నేలకి తగలదు కాబట్టి అరగదు, వంకర తిరిగి మెత్తటి భాగంలోకి గుచ్చుకునే దాకా పెరుగుతుంది.

బ్లేడు దువ్వెన ఇంట్లో వాడొద్దనే చెప్తాను. జడ కట్టిన చోట చర్మం కూడా ఆ ఉండలోకి లాగబడి ఉంటుంది, ఎక్కడ జుట్టు అయిపోయి ఎక్కడ చర్మం మొదలైందో చేతికి తెలియదు. కత్తెరకీ అదే ప్రమాదం. వేళ్లతో విడదీయలేనంత గట్టిపడితే గ్రూమర్ దగ్గర మెషిన్‌తో తీయించడమే మేలు.

షాంపూ సీసా మీద అందులో ఏం కలిపారో రాయలేదు, వాసన మాత్రం వీధి చివరిదాకా వస్తుంది. మాకు వద్దనిపించి పక్కన పెట్టేశాం. అలాగని మన షాంపూ వాడేయకండి, మన చర్మం పీహెచ్ (ఆమ్ల గుణం కొలత) సుమారు 5.5, కుక్కది న్యూట్రల్‌కి, అంటే 7కి దగ్గర, మనది రోజూ వాడితే దాని చర్మం పొడిబారి దురద పెడుతుంది. డాక్టర్ రాసిన మందు షాంపూ అయితే రుద్దిన వెంటనే కడగకూడదు, సాధారణంగా 10 నిమిషాలు ఒంటి మీద ఉండాలి. స్నానానికి ముందే చిక్కు మొత్తం తీసేయండి, తడిస్తే ఉండ ఇంకా బిగుసుకుంటుంది. మా ఊరి ఉక్కలో స్నానం కంటే ఆరబెట్టడమే పెద్ద పని, వేళ్ల సందుల్లో, చంకల్లో తేమ ఉండిపోతే ఫంగస్ వచ్చి పుల్లటి వాసన మొదలవుతుంది. టవల్‌తో అద్ది, డ్రయర్‌ని చల్లగాలిలో పెట్టి, బ్రష్ చేస్తూ ఆరబెడితే చాలు, వేడిగాలి వద్దు, షిట్జులాంటి ముక్కు చప్పిడిగా ఉండే జాతులు త్వరగా వేడెక్కిపోతాయి.

రబ్బరు టూత్‌బ్రష్ బాగుంది, వేలికి సరిగ్గా పట్టింది. పేస్ట్ మాత్రం కుక్కలదే కొనండి, మన పేస్టుల్లో కొన్నిటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకి విషం, షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, లివర్ దెబ్బతింటుంది. చెవులకి కిట్‌లో ఏమీ లేదు. డాక్టర్‌ని అడిగి ఇయర్ క్లీనర్ తెచ్చుకుని దూదితో బయటికి కనిపించినంత వరకే తుడవండి, ఇయర్ బడ్స్ లోపలికి పెట్టకండి.

షిట్జు, లాసా, పొమేరియన్ ఉన్నవాళ్లు ఇదే రకం బ్రష్, దువ్వెన విడిగా దొరికితే ఆ రెండే తీసుకోండి. మీది పొట్టి జుట్టున్న వీధి కుక్క అయితే కిట్ అవసరమే లేదు, దువ్వడానికి రబ్బరు గ్లోవ్ ఒకటి, మంచి కటర్ ఒకటి సరిపోతాయి.